వెనక డోర్ స్పీకర్ గారికి, ముందు సీటు నుంచి

ఆయ్, నమస్కారమండి స్పీకర్ గారూ. కుశలమేనా అని అడుగుదామంటే తమరేం చెప్పినా దుప్పటి ముసుగులోంచి చెప్పినట్టే ఉంటది, మళ్ళీ నాలుగుసార్లు అడగాలి, అందుకే వదిలేశాను.

కారు కొన్నప్పుడు షోరూమ్ కుర్రాడు "నాలుగు స్పీకర్లు సార్" అని నాలుగు వేళ్ళు చూపించాడండి. లెక్క తప్పలేదు పాపం. ముందు రెండూ పాడతాయి, వెనక రెండూ హాజరు మాత్రం వేయించుకుంటాయి అనే ముక్క మింగేశాడంతే.

మొన్న ఆదివారం పాలకొల్లు దాటాక కాలవ గట్టు మీద కొబ్బరిచెట్టు నీడన బండాపి, ఏసీ ఇంజను అన్నీ కట్టేసి తమరికి పరీక్ష పెట్టాను. సౌండుని ముందు వెనక స్పీకర్లకి పంచే ఫేడర్ మొత్తం ముందుకి తోస్తే వీణ తీగ మీద వేలు జారడం, పాడేవాడు ఊపిరి పీల్చుకోడం, గజ్జెలు, దేనికది విడివిడిగా, మనిషిని డాష్‌బోర్డు మీద కూర్చోబెట్టి పాడించినట్టు. వెనక్కి తోశాను. గజ్జెలు మాయం. ఇవతలి గట్టున కూర్చుంటే అవతలి ఊళ్ళో పెళ్ళి మైకు గాలివాటుకి వినపడతది చూడండి, అదీ తమరి గానం.

డోర్ ప్యాడ్ విప్పిస్తే బండారం బయటపడింది. ముందు డోర్లో 6.5 అంగుళాల స్పీకరు, పైన అద్దం మూల విడిగా ట్వీటరు, అంటే సన్న శబ్దాలు పలికే బుల్లి స్పీకరు. తమరిదీ అదే సైజే గానీ ఒంటి కాగితపు కోను, వెనకాల బిళ్ళంత మాగ్నెట్టు, ట్వీటరు ఊసే లేదు. సన్న శబ్దాలు టార్చిలైటు వెలుగులా తిన్నగా పోయేవి కదండి, ఉన్న కాస్తా సీటు దూదీ మామయ్యగారి మోకాలూ మింగేస్తున్నాయి. పోనీ బేస్ అన్నా వస్తదా అంటే డోర్ రేకుకి బొక్కలు, వాటికి పల్చటి ప్లాస్టిక్ కవరు, వెనకాల గాలి అటూ ఇటూ పోతుంటే దరువేం నిలబడతది? సెడాన్లలో వెనకద్దం కింద కూర్చునే 6 బై 9 అంగుళాల కోల స్పీకరు గారున్నారే, తమరి పెదనాన్న వరస, ఆయనకి డిక్కీ అంతా పెట్టెలా పనికొస్తది, అందుకే ఆ దర్జా.

అన్యాయంగా మాట్లాడకూడదు లెండి, పాడేవాడు ఎదురుగా ఉన్నట్టుండాలంటే వెనక సౌండు తక్కువే ఉండాలి, తమర్ని మార్చినా డ్రైవరు సీట్లో నాకు ఒరిగేది తక్కువే. ఆ డబ్బులు ముందు డోర్లకి రేకు అదరకుండా అతికించే డాంపింగ్ షీట్ వేయిస్తే మేలు. అందుకే ఫేడర్ మూడు పాయింట్లు ముందుకి పెట్టుకుని హాయిగా ఉన్నాను.

ఉండనిస్తేనా! వెనక నుంచి మా ఆవిడ "వినపట్టంలేదండీ పెంచండి" అంటది, పెంచితే నా చెవులు గింగుర్లు, తమరు మాత్రం బుర్‌ర్‌మని డోర్లో నీళ్ళ సీసాని వణికిస్తారు. సిద్ధాంతం బ్రిడ్జి మీద జాయింట్ల దడ్‌దడ్ ఏదో తమరి తాళం ఏదో ఇప్పటికీ పోల్చుకోలేకపోతున్నానండి.

ఈ వారం పీకించేసి కొత్తవి వేయిద్దామని మెకానిక్‌కి ఫోన్ కూడా చేసేశాను. మామయ్యగారికి తెలిసి, "వద్దు బాబూ, ఇంట్లో మాత్రలేసుకున్నా పట్టని నిద్ర మీ కారెక్కితే రావులపాలెం రాకుండానే పట్టేస్తంది, ఆ పెట్టెల జోలికి పోకు" అన్నారు.

అంచేత తమరి ఉద్యోగం ప్రస్తుతానికి ఉన్నట్టేనండి. ఉంటాను మరి.