పప్పు డబ్బాలో ఆ బిళ్ళ వేయకండి

"ఏడాదంతా పురుగు పట్టని పప్పులు: అయిదు రహస్యాలు" అనే సందేశం ఈ నెలలో నలుగురు ఆత్మీయుల నుండి నాకు వచ్చింది. మొదటి మూడుసార్లు ఊరుకున్నాను. నాలుగోసారి పంపినావిడ ఇంట్లో రెండేళ్ళ పాప ఉంది కనుక రాయక తప్పడం లేదు.

పాత బియ్యంలాగే పాత పప్పూ శ్రేష్ఠమని మొదటి రహస్యం. పాత బియ్యం అన్నం పొడిపొడిగా వస్తుంది, నిజమే. వేడిలో, తేమలో నెలల తరబడి నిలవున్న కందిపప్పు మాత్రం ఎన్ని విజిళ్ళు వచ్చినా సరిగా ఉడకదు.

పురుగు పట్టని పప్పులో మందు కలిపినట్టే అని రెండవది. పుచ్చు చేసే పెంకుపురుగు పెసలు, కందులు, అలసందల వంటి గింజల మీద గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు చాలాసార్లు పొలంలోనే అంటుకుని వస్తాయి. పొట్టు తీసి బద్ద చేసిన పప్పు దానికి అంతగా అనుకూలించదు. అందులో మందు ప్రసక్తే లేదు.

మూడవది చదివి నా చేతులు వణికాయి. గోదాముల్లో వాడే బిళ్ళను గుడ్డలో మూటకట్టి డబ్బా అడుగున పెట్టమంటున్నారు. ఆ బిళ్ళ అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలోని తేమ తగిలితే చాలు, అది ఫాస్ఫీన్ అనే విషవాయువును వదులుతుంది. 3 గ్రాముల బిళ్ళ నుండి సుమారు 1 గ్రాము వాయువు వస్తుంది. గుడ్డ తేమనూ ఆపదు, వాయువునూ ఆపదు. మనుషులు లేని గోదామును గాలి చొరకుండా మూసి, శిక్షణ పొందినవారు వాడి, ఆపైన గాలి ఆడించాకే లోపలికి అడుగుపెట్టే పదార్థమది. దానికి విరుగుడు మందు లేదు. మామూలు జనానికి అమ్మకూడదని మన దేశంలో ఆంక్షలున్నది అందుకే. వంటగది పక్కనే పిల్లలు పడుకునే ఇళ్ళకు దీన్ని ఎలా సిఫారసు చేస్తారు? పంపేముందు ఒక్క నిమిషం ఆలోచించలేరా? ఎవరైనా ఇప్పటికే వేసి ఉంటే దానిపై నీళ్ళు పోయకండి, వాయువు ఇంకా వేగంగా వస్తుంది. కిటికీలు తెరిచి అందరూ బయటికి వెళ్ళి, అగ్నిమాపక సిబ్బందిని పిలవండి. ఎవరికైనా వాంతులో ఆయాసమో ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయండి. ఆ పప్పు వండుకోవద్దు.

ఫ్రీజరులో పెడితే పప్పు బలం పోతుందన్నది నాలుగవది. పోదు. వారం రోజులు గడ్డకట్టే చలిలో ఉంచితే గుడ్లతో సహా పురుగు చస్తుంది. బయటికి తీశాక సంచి చల్లదనం పూర్తిగా తగ్గేదాకా విప్పకూడదు, లేకపోతే పప్పుకు చెమ్మ పడుతుంది.

అయిదవది, కందులకు ఆముదం పట్టించడం. దీన్ని ఇన్నేళ్ళూ నేను జిడ్డు చాదస్తమని కొట్టిపారేశాను, తప్పు నాదే. గింజపై పలుచని నూనెపొర ఉంటే గుడ్లకు ఊపిరాడక చాలావరకు పొదగవు. ఎండబెట్టి చల్లార్చిన కందులకు కిలోకు ఒక చెంచా చాలు, ప్రతి గింజకూ అంటేలా అరచేతులతో రుద్దాలి. మా అమ్మమ్మ ప్రతి వేసవిలో చేసిన పని ఇదే.