ఆకాశం నిండా డేటా.. అందుకునేది ఎవరు?

రాకెట్ ఎగిరే రోజు దేశమంతా టీవీల ముందే ఉంటుంది. ఆ రాకెట్ మోసుకెళ్లిన పరికరం ఏడాది తర్వాత ఏం కనిపెట్టిందో అడిగేవాళ్లు మాత్రం కనపడరు. ఆ లెక్క తేలే చోటు ఒకటుంది. అదే నేషనల్ స్పేస్ సైన్స్ సింపోజియం, అంటే జాతీయ అంతరిక్ష విజ్ఞాన సదస్సు. ఇస్రో పూనికతో ఒక్కోసారి ఒక్కో ఊళ్లో జరుగుతుంది. 2024లో గోవా విశ్వవిద్యాలయంలో, 2022లో సైన్స్ విద్యాసంస్థ అయిన కోల్‌కతా ఐసర్ ఆధ్వర్యంలో, 2019లో పుణె యూనివర్సిటీలో జరిగింది. మన దగ్గరికీ వచ్చింది. 2006లో విశాఖలోని ఆంధ్రా యూనివర్సిటీ, 2012లో తిరుపతిలోని శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీ దానికి వేదికలయ్యాయి. రెండేళ్లకోసారి అని పేరే గానీ, 2016 తర్వాత మళ్లీ 2019లోనే జరిగింది. ఇక పేపర్లలో వచ్చేది జ్యోతి వెలిగించిన ఫొటో, ఇస్రో పెద్దలు చెప్పిన రాబోయే ప్రయోగాల జాబితా. మిగతా రోజులు ఏం జరిగిందో ఎవరికీ పట్టదు.

అసలు చంద్రుడి మీద పని చేసేవాళ్లూ, వాతావరణం మీద పని చేసేవాళ్లూ ఒకే చోట చేరడం ఎందుకు? చంద్రుడి చుట్టూ తిరిగే చంద్రయాన్-2 నౌకలో, అంటే ఆర్బిటర్‌లో, క్లాస్ అనే పరికరం ఉంది. సూర్యుడి ఎక్స్‌రేలు చంద్రుడి నేల మీద పడితే అక్కడి మూలకాలు తమవైన ఎక్స్‌రేలు వెలువరిస్తాయి. క్లాస్ వాటిని పట్టుకుని అక్కడ మెగ్నీషియం ఎంత, అల్యూమినియం ఎంత అని తేలుస్తుంది. అయితే ఆ క్షణంలో సూర్యుడి నుంచి ఎంత ఎక్స్‌రే వచ్చిందో తెలియకపోతే ఈ లెక్క కుదరదు. అందుకే అదే ఆర్బిటర్‌లో సూర్యుణ్ణి చూసే ఎక్స్‌ఎస్ఎం అనే మరో పరికరం పెట్టారు. అంటే చంద్రుడి మట్టి గురించి పరిశోధన పేపర్ రాయాలన్నా సూర్యుడి గురించి తెలిసినవాడి సాయం కావాలి.

2024 మే 10, 11 తేదీల్లో వచ్చిన సౌర తుపానునే చూడండి. అంతకు ముందు రెండు దశాబ్దాల్లో అంత బలమైనది రాలేదు. లద్దాఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబారింది. సూర్యుడికీ భూమికీ మధ్య ఎల్1 అనే బిందువు దగ్గరుండి సూర్యుణ్ణి గమనించే మన ఆదిత్య నౌక దాన్ని నమోదు చేసింది, చంద్రుడి చుట్టూ తిరుగుతున్న చంద్రయాన్-2 కూడా చేసింది. మన దేశం మీద ప్రభావం మాత్రం అంతగా లేదు. కారణం, తుపాను ప్రధానంగా తాకింది తెల్లవారుజామున. అప్పటికి మన పైన అయానోస్ఫియర్, అంటే ఎండకు విద్యుదావేశం పొందే పై వాతావరణ పొర, ఇంకా పూర్తిగా పుంజుకోలేదు. ఈ మొత్తం కథ ఒక్క శాస్త్రవేత్త చెప్పగలిగేది కాదు. సూర్యుడి వాళ్లు మొదలుపెడితే అయానోస్ఫియర్ వాళ్లు ముగించాలి. చిక్కేమిటంటే, సదస్సులో వీళ్లిద్దరి ప్రసంగాలూ ఒకే సమయంలో పక్కపక్క హాళ్లలో నడుస్తుంటాయి. ఎవరి హాల్లో వాళ్లు కూర్చుని, ఎవరి చప్పట్లు వాళ్లు కొట్టుకుని బయటికొస్తే కలిసినట్టా? భోజనాల దగ్గర క్యూలో జరిగే మాటలే నయం.

నేను ముఖ్యంగా చెప్పదలచింది యూనివర్సిటీల గురించి. మన దేశంలో అంతరిక్ష విజ్ఞానం ఉపగ్రహాలతో మొదలు కాలేదు. 1963 నవంబర్ 21న కేరళలోని తుంబా నుంచి మొదటి రాకెట్ వెళ్లిందే పై వాతావరణాన్ని చదవడానికి. ఆ ఊరినే ఎంచుకోవడానికి కారణం అయస్కాంత భూమధ్యరేఖ, అంటే భూమి అయస్కాంత క్షేత్రం నేలకు సమాంతరంగా ఉండే రేఖ, దాని దగ్గరగా పోవడం. ఆ రేఖ మీద పగటిపూట సుమారు వంద కిలోమీటర్ల ఎత్తున విద్యుత్ ప్రవాహం ఒకటి సాగుతుంది. సూర్యాస్తమయం తర్వాత అదే రేఖ మీద ఇంకా పై ఎత్తుల్లో ప్లాస్మాలో, అంటే విద్యుదావేశమున్న వాయువులో, బుడగల్లాంటివి పుట్టి జీపీఎస్ సంకేతాలను చెదరగొడతాయి. ఇవన్నీ మన నెత్తిమీదే జరిగేవి. అందుకే విశాఖలో ప్రొఫెసర్ బి. రామచంద్రరావు లాంటివాళ్లు ఉపగ్రహాలు లేని రోజుల్లోనే అయానోస్ఫియర్ పరిశోధనకు పునాది వేయగలిగారు. తిరుపతికి దగ్గర్లోని గాదంకిలో పై వాతావరణ పొరలను చదివే ఎంఎస్‌టీ రాడార్ వచ్చాక ఎస్వీ యూనివర్సిటీ ఫిజిక్స్ విభాగానికి అదొక వరమైంది. 1024 యాగి యాంటెనాలతో పని చేసే ఆ రాడార్ ఇచ్చిన డేటా మీద ఎంతమంది మనవాళ్లు పీహెచ్‌డీలు చేశారో!

గమనించాల్సింది ఇక్కడే. పరికరం ఎక్కడుంటే మనుషులు అక్కడ తయారయ్యారు. దీనికి తిరగేసిన ఉదాహరణా మన దగ్గరే ఉంది. హైదరాబాద్ దగ్గర జపాల్-రంగాపూర్‌లో ఉస్మానియా యూనివర్సిటీకి 48 అంగుళాల టెలిస్కోపు ఉండేది. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడటానికి శాస్త్రవేత్తలు అక్కడికి చేరారు. ఆ అబ్జర్వేటరీ మూలన పడి చాలాకాలమైంది. దాంతోపాటే అక్కడి పరిశీలనా ఖగోళశాస్త్రం ఊపూ తగ్గింది.

ఇప్పుడు పరికరాలన్నీ పైన ఉన్నాయి. ఖగోళ పరిశోధన ఉపగ్రహం ఆస్ట్రోశాట్ 2015 నుంచి, చంద్రయాన్-2 ఆర్బిటర్ 2019 నుంచి పని చేస్తున్నాయి. ఆదిత్య, ఎక్స్‌రేలను గమనించే ఎక్స్‌పోశాట్ తర్వాత చేరాయి. వాటి సమాచారం బెంగళూరు దగ్గరి బ్యాలాలులో ఉన్న డేటా కేంద్రానికి చేరుతుంది. నిర్ణీత గడువు దాటాక ఎవరైనా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకుని దించుకోవచ్చు. విశాఖలో కూర్చున్నా అనంతపురంలో కూర్చున్నా ఒకటే. సూత్రం ప్రకారం ఇంతకన్నా సమానత్వం లేదు.

కానీ దించుకున్న ఫైలు తెరిస్తే సగంమందికి టెన్షన్ మొదలవుతుంది. అది ఫొటో కాదు, అంకెల కుప్ప. పరికరం తప్పొప్పులు సరిచేయాలి, సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి, ఏ అంకెను నమ్మాలో ఏది వదిలేయాలో తెలియాలి. ఈ కిటుకులన్నీ మాన్యువల్‌లో దొరకవు, ఆ పరికరాన్ని కట్టినవాళ్ల బుర్రలో ఉంటాయి. అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీలో చదివే విద్యార్థికి పక్క గది తలుపు తడితే సరిపోతుంది. జిల్లా యూనివర్సిటీ విద్యార్థి ఎవరి తలుపు తట్టాలి? గైడ్ పోస్టే ఖాళీగా ఉండే విభాగాల సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు. నెలకు 37,000 రూపాయల జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) చేతికొచ్చినా దారి చూపే మనిషి లేకపోతే మూడేళ్లు గడిచిపోతాయి.

సదస్సు విలువ నాకు ఇక్కడ కనిపిస్తుంది. తన పరిశోధనను వివరించే పోస్టర్ పక్కన నిలబడ్డ కుర్రాడి దగ్గరికి ఆ పరికరాన్ని కట్టిన మనిషే వచ్చి, ఈ గీత ఇక్కడ ఎందుకు వంగిందో తెలుసా అని అడగడం ఒక్క అక్కడే సాధ్యం. జర్నల్ ఈ పని చేయలేదు. జూమ్ మీటింగ్ అసలే చేయలేదు. అలాంటి పోస్టర్లను టీ విరామంలోకి తోసి, వేదిక మీది పొగడ్తలకు పూటంతా ఇవ్వడం నాకు మింగుడుపడదు.

ఇస్రో ఏమీ చేయట్లేదని అనను. యూనివర్సిటీల పరిశోధనకు డబ్బిచ్చే రెస్పాండ్ పథకం దశాబ్దాలుగా ఉంది. ఆస్ట్రోశాట్ కోసమైతే పుణెలోని ఖగోళ పరిశోధన సంస్థ ఐయూకాలో ప్రత్యేకంగా సహాయ విభాగం పెట్టి, ఊరూరా వర్క్‌షాపులు నడిపారు. దాని ఫలితం కూడా కనబడింది. పెద్ద సంస్థల బయటివాళ్లూ ఆస్ట్రోశాట్‌తో పేపర్లు రాస్తున్నారు. ఇదే ఏర్పాటు చంద్రయాన్‌కూ ఆదిత్యకూ అదే స్థాయిలో కావాలి. సదస్సులో ఒక రోజంతా దానికే కేటాయించవచ్చు. ల్యాప్‌టాప్ తెచ్చుకో, ఫైలు తెరువు, పక్కన పరికరం మనిషి కూర్చుంటాడు. సాయంత్రానికి ఒక్క గ్రాఫయినా చేతికి రావాలి.

ఇంకో చిన్న లెక్క కూడా అడగాలి. ప్రతి సదస్సులో ఎన్ని వందల పేపర్లు వచ్చాయో గొప్పగా చెబుతారు. వాటిలో మన పరికరాల డేటాతో, ఇస్రో కేంద్రాల బయటి విద్యార్థులు మొదటి పేరుగా రాసినవి ఎన్నో కూడా ప్రారంభోత్సవం నాడే చదవండి. ఆ అంకె చిన్నదైతే నొచ్చుకోవాల్సిన పని లేదు. వచ్చే సదస్సులో దాని పక్కన మరో అంకె వేసి చూపిస్తే చాలు.