ఒక మట్టి బొటనవేలికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఎడమచేతి బొటనవేలు గారికి,

నమస్కారాలు. మీరు నన్నెరగరు. మిమ్మల్ని ఎరగని ఎట్రుస్కన్ పండితుడు మాత్రం ఉండడు. ఉన్నా పైకి చెప్పుకోడు.

మీ సంగతి తెలియనివాళ్లు కూడా ఈ ఉత్తరం చదువుతారు కనుక కాస్త పరిచయం. రోమ్ ఇంకా పెద్దది కాకముందే ఇటలీ నడిమి ప్రాంతంలో నగరాలు కట్టుకుని, సముద్ర వ్యాపారం చేసి, చనిపోయినవాళ్లకు కూడా రాతి ఇళ్లు కట్టినవాళ్లు ఎట్రుస్కన్లు. వాళ్ల పనితనం అనే పేరుతో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం 1915 నుంచి 1921 మధ్య మూడు భారీ మట్టి విగ్రహాలు కొంది. మూడూ నకిలీవే. ఒకటి రెండు మీటర్ల పొడుగున్న, తెల్లగడ్డం బక్కపలచని యోధుడు. రెండోది శిరస్త్రాణం పెట్టుకున్న ఉత్త తల. అదే దగ్గర దగ్గర మీటరున్నర. మూడోది రెండున్నర మీటర్ల బండ యోధుడు. తమరు మొదటాయన ఎడమచేతి వేలు. ఆయన ఓడెక్కి అమెరికా వెళ్లిపోయారు. తమరు మాత్రం ఇటలీలోనే, తమరిని చేసిన అల్ఫ్రెదో ఫియొరవాంతి దగ్గరే ఉండిపోయారు.

ఏకలవ్యుడైతే గురువు అడిగాడని వేలు ఇచ్చాడు. మీ వృద్ధ యోధుడిని ఎవరూ ఏమీ అడగలేదు. అసలు వచ్చిన చిక్కంతా అదే కదా, ఎవరూ ఏమీ అడగకపోవడం.

ఏ ఊళ్లో దొరికాయి, ఎవరి పొలంలో, ఎంత లోతులో, పక్కన ఇంకేం ఉన్నాయి? తవ్వకాల మేస్త్రీ దగ్గర కూలికెళ్లే కుర్రాడు కూడా ఇవి చెప్పగలడు. ఇంతింత విగ్రహాలకు మాత్రం చిరునామా లేదు. పోనీ, చిరునామా లేనిదాన్ని కొనడం ఎందుకని ఆగారా? ఆగలేదు. 1933లో ముగ్గురినీ ఒకచోట నిలబెట్టి జనానికి చూపించారు. 1937లో ఒక గొప్ప పండితురాలు ఏకంగా ఒక గ్రంథమే రాశారు. తల ఒక్కటే ఉంది కదా, మిగతా ఒంటి సంగతి ఏమిటని సందేహం వస్తే లెక్కలు కట్టారు. ఏడు మీటర్ల విగ్రహం అయి ఉంటుందట! ఆ తల చేసినవాళ్లు ఈ మాట వింటే ముక్కున వేలేసుకుని ఉంటారు. వాళ్లు మెడ కింద ఏమీ చేయనేలేదు మరి.

మీ పుట్టింటి విశేషాలు నాకు భలే ఇష్టం. ఓర్వియెటో ప్రాంతంలో రిక్కార్డీ అనే కుటుంబం. పాత కుండపెంకులకు మరమ్మతులు చేస్తూ, తర్వాత పాత కుండలనే కొత్తగా చేస్తూ, చివరికి దేవుళ్ల సైజుకు ఎదిగారు. మిమ్మల్ని దాచుకున్న ఫియొరవాంతి వాళ్లతో కలిసి పనిచేసిన శిల్పి. వృద్ధ యోధుడికి కుడిచెయ్యి ఎందుకు లేదో పండితులు తలలు బాదుకున్నారు. కారణం మీకు తెలుసు: ఆ చెయ్యి ఎటు తిప్పి పెట్టాలో చేసినవాళ్లకు ఏకాభిప్రాయం కుదరలేదు, అందుకని పెట్టడం మానేశారు. బండ యోధుడి కొలతలు అంత వింతగా ఎందుకు ఉన్నాయి? కాళ్ల దగ్గర మొదలుపెట్టి పైకి కట్టుకుంటూ వెళ్తే గది పైకప్పు అడ్డొచ్చింది. ఉన్న జాగాలోనే మొండేన్ని కుదించారు. ఆ కురచదనంలోనే ప్రాచీన కళ గాంభీర్యం కనిపించినవాళ్లు లేకపోలేదు.

అంత బొమ్మను కాల్చడానికి సరిపడే ఆవం లేదు. అందుకని పచ్చిమట్టి విగ్రహాన్ని తోసేసి, ముక్కలు చేసి, ఆ ముక్కల్ని కాల్చారు. ముక్కలైతే మరీ మంచిది, పాతదిలా కనిపిస్తుంది.

ఇక్కడ నాకు అసలు ఎట్రుస్కన్ల మీద జాలి వేస్తుంది. చెర్వెతెరిలో బండితాచ్చా శ్మశానం ఉంది. అక్కడ 1881లో దాదాపు 400 మట్టి ముక్కలు దొరికాయి. ఓపికగా అతికిస్తే, పక్కపక్కనే ఒరిగి విందు చేసుకుంటున్న భార్యాభర్తలు బయటపడ్డారు. క్రీస్తుపూర్వం 520 ప్రాంతంలో చేసిన శవపేటిక అది. ఆయన చెయ్యి ఆమె భుజం మీద, ఇద్దరి మొహాల్లో నవ్వు. ఇప్పుడు రోమ్‌లో విల్లా జూలియా మ్యూజియంలో ఉన్నారు. ఈ దంపతులను చేసినవాడు నాలుగు భాగాలుగా విడదీసి కాల్చాడు. పెద్ద మట్టిబొమ్మ లోపల ఆవిరి చిక్కుకుంటే ఏమవుతుందో ఆ కాలపు పనివాళ్లకు తెలుసు కనుక గాలి రంధ్రాలు కూడా వదిలేవారు. మీ యోధులకు అవి లేవు. వాటికి ఊపిరెలా ఆడిందన్న అనుమానం ఏళ్ల తరబడి ఎవరికీ రాలేదు.

అదే శ్మశానంలో ఇంకో సమాధి ఉంది. లోపల గోడల మీద, స్తంభాల మీద సున్నపు గారతో ఇంటి సామానంతా చెక్కారు. కత్తులు, గరిటెలు, చుట్టగా చుట్టిన తాడు, ఆటపలక, ఒక బాతు. మంచం పక్కన ఒక జత చెప్పులు. పొద్దున్నే లేచి వేసుకోవాలి కదా! ఆ గోడల మీద డాళ్లూ శిరస్త్రాణాలూ కూడా ఉన్నాయి, కాదనను. కానీ చెప్పుల పక్కనే ఉన్నాయి. మ్యూజియంల వాళ్లకు చెప్పులు ఆనవు. రెండున్నర మీటర్ల యోధుడైతే ఆనతాడు. రిక్కార్డీ వాళ్లు మట్టిని ఎంత బాగా ఎరుగుదురో కొనుగోలుదారుల్ని అంతకన్నా బాగా ఎరుగుదురు. పైగా 1916లో వేయీ అనే పాత ఎట్రుస్కన్ నగరపు తవ్వకాల్లో నిజంగానే నిలువెత్తు మట్టి అపోలో దేవుడు బయటపడ్డాడు. ఇక పెద్ద బొమ్మలుంటాయా అని అడిగే నోళ్లు కూడా మూతపడ్డాయి.

ఇటలీలో కొందరు పండితులు 1930లలోనే ఇవి నకిలీవని వేలెత్తి చూపారు. దానివల్ల ఏమీ కాలేదు. అప్పటికి మ్యూజియం డబ్బు పెట్టింది, గదులు కేటాయించింది, పుస్తకం వేసింది. పెళ్లయ్యాక జాతకాలు చూడమంటే ఎవరు చూస్తారు?

చివరికి 1960లో రసాయన పరీక్ష చేశారు. యోధుల మీది నల్లరంగులో మాంగనీస్ తేలింది. పాతకాలపు వాళ్లు ఆ నలుపును ఇనుమున్న మట్టిపూతతో, ఆవంలోకి గాలి ఎప్పుడు వదలాలో ఎప్పుడు బిగించాలో తెలిసిన నేర్పుతో తెచ్చేవారు. ఇక్కడ రంగు డబ్బాతో తెచ్చారు. కళాదృష్టి ఉన్నవాళ్లు పాతికేళ్లకు పైగా చూసి కనిపెట్టలేనిది ఒక చిటికెడు పొడి చెప్పేసింది.

అయినా మీ ప్రవేశం ముందు అదంతా చప్పగానే ఉంటుంది. 1961 జనవరి 5న ఫియొరవాంతి రోమ్‌లోని అమెరికా కాన్సులేట్‌కు వెళ్లి, ఇవి చేసినవాళ్లలో నేనొకణ్ణని కాగితం మీద ఒప్పుకున్నాడు. సంతకం రానివాళ్లు వేలిముద్ర వేస్తారు. ఈయన సంతకమూ పెట్టాడు, వేలూ పెట్టాడు. మ్యూజియం నుంచి వచ్చిన నిపుణుడు యోధుడి చేతికి తీసిన ప్లాస్టర్ అచ్చు పట్టుకొచ్చాడు. మిమ్మల్ని దాని మీద ఆనించారు. సరిగ్గా అతికారు. ఫిబ్రవరిలో మ్యూజియం ప్రపంచానికి చెప్పింది.

ఒక్క మాట అడగాలని ఉంది. నలభై ఏళ్లకు పైగా ఆయన మిమ్మల్ని ఎందుకు దాచుకున్నాడు? పట్టుబడితే పనికొస్తారనా, నేనే చేశానంటే ఎవరూ నమ్మరనా? రెండోదే అనుకుంటాను. మహాపండితులు ప్రాచీనం అన్నదాన్ని ఒక పనివాడు నాదంటే, చేతిలో రుజువు ఉండాలి కదా.

ఇంకో ప్రశ్న. మీరు అప్పుడు ఆ గదిలోనే ఉన్నారు కనుక మిమ్మల్నే అడుగుతున్నాను. ఆ కుడిచెయ్యి దగ్గర గొడవ ఎవరితో మొదలైంది? పైకెత్తి ఈటె పట్టించాలన్నది ఎవరు, కిందికి దించాలన్నది ఎవరు? వీలు చూసుకుని జవాబు రాయగలరు. మెట్రోపాలిటన్ వాళ్లకు కూడా ఒక కాపీ పంపండి, ఈసారి ఎక్కడినుంచి పంపుతున్నారో చిరునామా రాసి.

ఇట్లు,
టికెట్టు కొనుక్కుని అద్దాల పెట్టె ముందు నిలబడి, కింద రాసిన చీటీని నమ్మే ఒక సామాన్య ప్రేక్షకుడు