నీళ్ల సీసా ఒక్కటే చాలదు

తీరంలో చేపలు చచ్చి తేలగానే అధికారులు సీసాలో నీళ్లు పట్టి ల్యాబుకు పంపుతారు. అన్నీ పరిమితికి లోబడే ఉన్నాయని కొన్నాళ్లకు రిపోర్టు వస్తుంది. ఫైలు మూతపడుతుంది. ఈ తీరు మారాలని మేం గట్టిగా కోరుతున్నాం. సీసాలో నీళ్లు చెప్పేది ఆ పూట సంగతి మాత్రమే. రాత్రి వదిలిన వ్యర్థం తెల్లారేసరికి ఆటుపోట్లకు కొట్టుకుపోయి ఉండొచ్చు. అడుగున పేరుకున్న బురదలో, దాన్ని నమ్ముకుని బతికే ప్రాణుల ఒంట్లో మాత్రం ఏళ్ల నాటి విషం కూడా దొరుకుతుంది.

1970ల చివర్లో ఫ్రాన్స్‌లోని ఆర్కషోన్ అఖాతంలో ఆయిస్టర్లనే గుల్లల పిల్లలు బతకలేదు. పెద్దవాటి చిప్పలు వికారంగా మందమెక్కాయి. నాచు, గుల్లలు అంటుకోకుండా పడవల అడుగున పూసే పెయింటులోని ట్రైబ్యూటైల్ టిన్ అనే రసాయనం అందుకు కారణమని తేలింది. లీటరు నీటిలో ఒక గ్రాములో వంద కోట్లవ వంతు ఉన్నా చాలు, కొన్ని జాతుల ఆడ నత్తలకు మగ అవయవాలు మొలుస్తాయి. మామూలు నీటి పరీక్షకు అంత కొంచెం ఎక్కడ దొరుకుతుంది? నత్తను చూస్తే తెలిసిపోతుంది. చిన్న పడవలకు ఆ పెయింటు వాడకాన్ని ఫ్రాన్స్ 1982లో కట్టడి చేశాక ఆయిస్టర్లు కోలుకున్నాయి. ఓడలన్నిటికీ వర్తించే అంతర్జాతీయ నిషేధం అమల్లోకి రావడానికి మాత్రం 2008 దాకా పట్టింది. ఇంత ఆలస్యాన్ని మేం క్షమించలేం.

మురుగు, ఎరువుల సంగతీ అంతే. వాటి పోషకాలతో నాచు విపరీతంగా పెరిగి, చచ్చి, అడుగుకు దిగి కుళ్లుతూ ఆక్సిజన్‌ను లాగేస్తుంది. నీటిలో ఆక్సిజన్ లీటరుకు 2 మిల్లీగ్రాముల కన్నా తక్కువకు పడిపోతే చేపలు పారిపోతాయి, కదలలేని పురుగులు, గుల్లలు అక్కడే చస్తాయి. పైన పట్టిన నీళ్లు అప్పుడూ బాగానే కనిపిస్తాయి.

అన్నిటికన్నా పెద్ద లోపం ఇంకోటి ఉంది. చెడకముందు తీరం ఎలా ఉండేదో రాసిపెట్టుకోకపోవడం. 1989లో అలాస్కా తీరంలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ చమురు ఒలికినప్పుడు, చాలా జీవజాతుల విషయంలో పోల్చి చూసేందుకు పాత లెక్కలు సరిగా లేవు. ఎంత నష్టం జరిగిందన్న వాదన ఏళ్ల తరబడి సాగింది. ఆ టెన్షన్ అంతా భరించింది చేపల వేటే బతుకైన కుటుంబాలు.

అందుకే తీరంలో ఏ కర్మాగారానికైనా, ఏ మురుగు పైపుకైనా అనుమతి ఇచ్చేముందే అన్ని రుతువుల్లోనూ అక్కడి బురదను పరీక్షించాలి, ప్రాణులను లెక్కించాలి. అనుమతి తర్వాత ఏటా అదే చోట, అదే పద్ధతిలో మళ్లీ లెక్క తీయాలి. ఖర్చు కంపెనీదే కావాలి, లెక్క తీసేవాళ్లు మాత్రం కంపెనీ మనుషులు కాకూడదు. ఆ అంకెలు వేటకు వెళ్లేవాళ్లకు, వాళ్ల భాషలోనే అందాలి.