అసలే ఊరికే ఇస్తే, ఇక కొసరేమిస్తారు?

ఫోటోలు దిద్దుకునే సాఫ్ట్‌వేర్‌ని ఊరికే పంచిపెట్టడాన్ని నేను తీవ్రంగా ఖండిస్తున్నాను. తొందరపడి అంటున్న మాట కాదు. ఇంట్లో కంప్యూటర్ ముందు పదకొండు రోజులు కూర్చుని, ఒక కళ్లజోడు విరగ్గొట్టుకుని, ఒక బంధుత్వం మీదికి తెచ్చుకుని మరీ అంటున్నాను.

మన దగ్గర ఉచితానికి ఒక పద్ధతుంది. మోండా మార్కెట్లో కిలో టమాటాలూ అరకిలో బెండకాయలూ కొంటే నాలుగు రెమ్మల కరివేపాకు సంచీలో పడేస్తారు. అది కొసరు. అసలుకి డబ్బిచ్చాం కాబట్టి కొసరు పుచ్చుకోవడంలో చిన్నతనం లేదు. వెయ్యకపోతే దెబ్బలాడి వేయించుకునే హక్కు కూడా ఉంది. పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లి కంప్యూటర్ కట్టించుకున్నప్పుడు కూడా మౌస్‌ప్యాడ్ కొసరు వేయించుకునే మెట్లు దిగాను. విండోస్‌తో వచ్చే పెయింట్ మీద నాకు అందుకే కోపం లేదు. 1985లో మొదటి విండోస్‌తో వచ్చిన కొసరది. 2023లో దానికి లేయర్లు, అంటే ఒకదాని మీదొకటి పరిచే బొమ్మ పొరలు, కూడా తగిలించారట కానీ అవి విండోస్ 11 ఉన్నవాళ్లకే. మా కంప్యూటర్‌కి ఆ భాగ్యం లేదు.

అలా కాక, బండివాడు టమాటాలే ఊరికే ఇస్తానంటే ఏం చేస్తాం? తిప్పి తిప్పి చూస్తాం. పుచ్చెక్కడుందా అని వెతుకుతాం. పుచ్చు దొరక్కపోతే మరింత అనుమానపడి వెళ్లిపోతాం.

గొడవకి మూలం ఒక ఫోటో. 2011లో మా గృహప్రవేశం నాటిది. వరసగా మా ఆవిడ, నేను, నా పక్కన పెద్దబావగారు, ఆయన పక్కన మా అక్క. బావగారి చెయ్యి నా భుజం మీద. మొన్న సంక్రాంతికి స్థలం పంపకం దగ్గర మాటా మాటా పెరిగింది. ఆ చెయ్యి నా భుజం మీద ఉండటానికి వీల్లేదని అప్పుడే తీర్మానించుకున్నాను. ఫోటో పెద్దది చేయించి హాల్లో పెట్టాలి. అందులో అక్క ఉండాలి. బావగారు ఉండకూడదు.

మా కంప్యూటర్లో ఇదివరకు ఫోటోషాప్ ఉండేది. కొన్నదే. వీధి చివర కంప్యూటర్లు బాగుచేసే తమ్ముడికి రెండొందలిస్తే పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఎక్కించాడు. "సార్, ముందు యాంటీవైరస్ ఆపెయ్యాలి" అన్నాడు. కొత్తల్లుడు గుమ్మంలోకొస్తుంటే కుక్కని కట్టేస్తాం కదా, అదే మర్యాద అనుకున్నాను. మూడు నెలలకి కంప్యూటర్ తనంతట తనే ఏవేవో పేజీలు తెరవడం మొదలెట్టింది. అదే తమ్ముడు వచ్చి ఫార్మాట్ కొట్టి అయిదొందలు తీసుకున్నాడు. అయినా సరే, ఆ సాఫ్ట్‌వేర్ మీద నాకు ఈనాటికీ గౌరవమే. డబ్బిచ్చి తెచ్చుకున్న వస్తువు. ఎవరికిచ్చాం అన్నది తర్వాతి సంగతి.

అసలు యజమానికే ఇవ్వొచ్చు కదా అంటారు కొందరు ఆదర్శవాదులు. నోల్ అన్నదమ్ములు రాసిన ఫోటోషాప్‌ని 1990లో అడోబీ అమ్మకానికి పెట్టినప్పుడు ఒకసారి కొనుక్కుంటే మనదే. 2013లో ఆ పద్ధతి మార్చి, ఇక కొత్తవన్నీ అద్దెకే అన్నారు. నేను అప్పులు చేసి ఇల్లు కట్టుకున్నదే నెలనెలా అద్దె కట్టలేక. ఆ ఇంటి గృహప్రవేశం ఫోటో దిద్దుకోవడానికి మళ్లీ అద్దె కట్టమంటే ఏం న్యాయం?

పై పోర్షన్‌లో అద్దెకుండే కుర్రాడిది గచ్చిబౌలిలో ఉద్యోగం. "అంకుల్, ఫ్రీగా బోలెడున్నాయి" అని కాగితం మీద పేర్లు రాసిచ్చాడు. ఒక్కోదాన్నీ పెళ్లిసంబంధం చూసినట్టే చూశాను. ఎవరి పిల్ల, ఏ ఊరు, ఎందుకింత చవక.

మొదటిది ఇర్ఫాన్‌వ్యూ. బోస్నియాలో పుట్టిన ఇర్ఫాన్ స్కిల్యాన్ 1996లో తెచ్చాడు. ఇంట్లో వాడుకుంటే ఉచితం, ఆఫీసులో వాడితే కొనుక్కోవాలి. సైజు తగ్గించడం, అంచులు కత్తిరించడం, వంద ఫోటోలకి ఒక్కసారే పేర్లు మార్చడం దానికి చిటికెలో పని. కానీ దాని గుర్తు చూశారా? బండి చక్రం కింద పడి అప్పడమైపోయిన ఎర్రపిల్లి! పిల్లి ఎదురైతేనే వెనక్కొచ్చి మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరే వంశం మాది. రోజూ చచ్చిన పిల్లి మీద డబుల్ క్లిక్ కొట్టి పని మొదలెట్టాలా?

రెండోది పెయింట్ డాట్ నెట్. 2004లో వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో విద్యార్థుల ప్రాజెక్టుగా పుట్టింది. లేయర్లున్నాయి, పాత కంప్యూటర్ మీద కూడా బరువు పడదు. ఇందులో నాకు బాగా నచ్చిన సంగతొకటుంది: తమ సైటులో ఊరికే ఇచ్చే సరుకునే మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో ధర కట్టి అమ్ముతారు. ఊరికే పుచ్చుకోవడం నామోషీ అనుకునే నాబోటివాళ్ల గురించి ఆలోచించినవాళ్లు లోకంలో ఉన్నారన్నమాట! సంతోషంగా స్టోర్‌లోకి వెళ్లి, ధర చూసి, సిద్ధాంతం వేరు ఆచరణ వేరు అనుకుని వెనక్కొచ్చాను. ఉచితంగా ఇచ్చే అసలు సైటు కోసం వెతికితే ముందు మరేదో తగిలింది. "డౌన్‌లోడ్" అని అయిదు ఆకుపచ్చ బొత్తాలు, అయిదూ అబద్ధాలే. నాలుగోది నొక్కితే నా జాతకం చెబుతానంది.

ఫోటోపీ అయితే ఎక్కించుకునే పనే లేదు. బ్రౌజర్లో తెరవడమే. ముఖం అచ్చం ఫోటోషాప్‌ది, దాని ఫైళ్లు కూడా తెరుస్తుంది, మన ఫోటో మన కంప్యూటర్ దాటి పోదు. ఇదంతా ఇవాన్ కుత్స్కిర్ అనే ఒక్క మనిషి మొదలెట్టి రాసుకొచ్చాడట. మా వీధిలో మ్యాన్‌హోల్ మూత పెట్టడానికి ఆరుగురొస్తారు, పెడుతుంటే చూడటానికి మరో ఇద్దరు. ఒక్కడే చేశాడంటే ఎలా నమ్మడం? ఇక క్రిటా బొమ్మలు గీసుకునేవాళ్లది, దాని మస్కట్ బొమ్మేమో ఉడుత. మా బావగారు తొంభై కిలోలుంటారు. ఉడుత సాయం చాలదు.

చివరికి గింప్. వంశం గొప్పదే. 1995లో బర్కిలీలో స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ అని ఇద్దరు విద్యార్థులు మొదలెట్టారు. అప్పట్నుంచి ఎవరెవరో, ఎక్కడెక్కణ్ణించో దిద్దుతూనే ఉన్నారు. 2018లో 2.10 వచ్చింది, 3.0 రావడానికి 2025 మార్చి దాకా పట్టింది. ఈ ఒక్క విషయంలో మాత్రం మన ఫ్లైఓవర్లకీ గింప్‌కీ చుట్టరికం కలుస్తుంది.

"మరి దీనివల్ల వాళ్లకేంటి?" అని పై పోర్షన్ కుర్రాణ్ణి నిలదీశాను.

"ఫ్రీ అంటే ఉచితం కాదంకుల్, స్వేచ్ఛ" అన్నాడు. ఇంగ్లిష్‌వాళ్లకి రెంటికీ ఒకే మాట కాబట్టి వాళ్ల తికమక వాళ్లది. మనకి రెండు మాటలుండి ఏం లాభం, మనం వాడేది ఒకటే. హైదరాబాద్‌లో ఆ రెండో మాటనే పేరుగా పెట్టుకుని స్వేచ్ఛ అనే సంస్థే ఉంది. తెలుగులో ఆపరేటింగ్ సిస్టం కూడా చేసిపెట్టింది. నాకు బుర్రకెక్కని సంగతి ఒక్కటే. నేను ఎవరింట పెళ్లికెళ్లినా చదివింపులు పుస్తకంలో రాసుకుంటాను. రేపు మనింట్లో పెళ్లైతే వాళ్లెంత చదివిస్తారో చూడాలిగా. ముప్పై ఏళ్లుగా పుస్తకంలో రాసుకోకుండా చదివిస్తున్నవాళ్లని ఏమనాలి?

సరే, ఎక్కించాను. బావగారి చుట్టూ గీత గీస్తే, ఆ గీత వెంట నల్లచీమలు బారులు కట్టి నడిచాయి. డిలీట్ నొక్కాను. బావగారు పోయి, ఆ జాగాలో తెల్లటి బావగారు నిలబడ్డారు. అప్పుడు క్లోన్ అని, రబ్బరుస్టాంపు బొమ్మ వేసి ఉన్న పనిముట్టు పట్టుకున్నాను. కంట్రోల్ నొక్కిపెట్టి గోడ మీద ఒక క్లిక్కిచ్చి, కావలసినచోట రుద్దితే గోడ అక్కడికొస్తుంది. గోడ, మామిడాకుల తోరణం, మళ్లీ గోడ. రెండు రోజుల్లో నేల నుంచి పైదాకా లేపేశాను. ఇల్లు కట్టిన మేస్త్రీ కూడా అంత చురుగ్గా పనిచెయ్యలేదు. మధ్యలో ఒకసారి గోడ మీద కాక మా ఆవిడ మీద నొక్కినట్టున్నాను, తోరణం పక్కన రెండో ముక్కుపుడక మెరిసింది. కంట్రోల్ జెడ్.

మిగిలింది భుజం మీది చెయ్యి. ఆ రోజు నేను వేసుకున్నది సన్నగళ్ల చొక్కా. స్టాంపు ఎంత జాగ్రత్తగా వేసినా గళ్లు గళ్లతో కలవవు. హీల్ అని, బ్యాండేజీ బొమ్మ ఉన్న ఇంకో పనిముట్టు పెట్టి రుద్దితే వేళ్లు పోలేదు సరికదా, వేళ్ల రంగు చొక్కాలోకి దిగి చింతపులుసు మరకలా తయారైంది. వెనక్కి తీసుకుని, వేళ్లని అలాగే వదిలేశాను. గోడ మీదున్న ఫోటోలో వేళ్లెవడు లెక్కపెడతాడు?

కింద "గృహప్రవేశం, శ్రీరస్తు" అని రాశాను. ఇక్కడ గింప్ నన్ను నిజంగా ఇరకాటంలో పెట్టింది. తెలుగు సరిగ్గా వచ్చింది. పాత ఫోటోషాప్‌లో ఇదే మాట అతికిస్తే ఒత్తులు ఊడి పక్కన నిలబడేవి. భారతీయ భాషల కోసం అందులో వేరే సెట్టింగుందని ఆ తమ్ముడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. అక్షరాలు కూడా ఊరికేనట. పెద్దన, తిమ్మన, ధూర్జటి, రామభద్ర, తెనాలి రామకృష్ణ అంటూ రాయలవారి అష్టదిగ్గజాల పేర్లతో సిలికానాంధ్ర విడుదల చేసింది. రాయలంతటివాడు పెద్దనకి గండపెండేరం తొడిగాడు, పల్లకీకి భుజం పట్టాడు, అగ్రహారాలిచ్చాడు. ఆ పెద్దన ఇప్పుడు ఒక్క క్లిక్కుకి, పైసా ఖర్చు లేకుండా, నా ఫోటో కింద కూర్చున్నాడు. ఇది అవమానం కాదా?

పని అయ్యాక సేవ్ కొడితే ఎక్స్‌సీఎఫ్ అనే సొంత తరహాలో దాస్తానంది. అది బర్కిలీలో ఆ కుర్రాళ్ల కంప్యూటర్ సంఘం పేరుకి పొడి అక్షరాలట; మనవాళ్లు ఫ్లెక్సీ మీద సంఘం పేరు వేసుకున్నట్టు వాళ్లు ఫైలు తోకకి కట్టారు. జేపెగ్ కావాలంటే ఎక్స్‌పోర్ట్ చెయ్యాలట. ఎక్స్‌పోర్ట్ చెయ్యడానికి ఇవేమన్నా భీమవరం రొయ్యలా? నా ఫోటో హాలు గడప దాటదు. అదే మెనూలో "ఓవర్‌రైట్", అంటే పాత ఫైలు మీదే రాసెయ్యడం, కనిపించింది. నొక్కాను. "ముందు లేయర్‌కి నకలు తీసి, నకలు మీద గియ్యండి అంకుల్" అని ఆ కుర్రాడు మొదటిరోజే చెప్పాడు. నేను ఒకసారి తీర్మానించుకుంటే వెనక్కి చూసే మనిషిని కాదన్నాను. 2011 నాటి కెమెరా, దానిలో కార్డుతో సహా, ఎప్పుడో పాతసామాన్లవాడికి పోయింది.

ఉగాది వెళ్లిన వారానికి మా అమ్మాయికి మంచి సంబంధం వచ్చింది. అబ్బాయి తండ్రీ పెద్దబావగారూ ఒకే ఆఫీసులో పాతికేళ్లు పక్కపక్క కుర్చీలట. "ఆదివారం ఆయన్ని తీసుకొస్తున్నాన్రా, కూర్చుని మాట్లాడుకోండి" అని అక్క ఫోన్ చేసింది.

ఇదీ నా అసలు ఫిర్యాదు. కొన్న వస్తువైతే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి గంటసేపు కడిగేసేవాణ్ణి. మేనేజర్‌ని పిలవమనేవాణ్ణి. వినియోగదారుల ఫోరం పేరెత్తేవాణ్ణి. గింప్ వాళ్లని ఏ మొహం పెట్టుకుని తిట్టను? నా దగ్గర పైసా పుచ్చుకోకుండా, పుట్టుకతో వచ్చిన తిట్టే హక్కుని నా నోట్లోంచి లాక్కున్నారు. పౌరుడికి ఇంతకన్నా అన్యాయం ఉంటుందా?

శనివారం రాత్రంతా కూర్చుని, మరో పెళ్లి ఫోటోలోంచి బావగారిని కత్తిరించి, తోరణం కింద అతికించాను. ఆ పెళ్లిలో ఆయన భోజనాల బంతిలో ఉన్నారు. విస్తరితో సహా వచ్చారు. తీసే ఓపిక లేక విస్తరి కూడా ఉంచేశాను.

ఆదివారం బావగారొచ్చారు. కాఫీ గ్లాసు పట్టుకుని ఫోటో ముందు చాలాసేపు నిలబడ్డారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

"ఏమోయ్" అన్నారు చివరికి. "కుడిచేత్తో అన్నం కలుపుకుంటున్నాను. ఎడంచెయ్యి విస్తరికి అడ్డం పెట్టి వద్దంటున్నాను. మరి నీ భుజం మీదున్న చెయ్యి ఎవరిది?"