గుడ్డతో చేసిన మేపుల్ ఆకులు మా పాపకు వద్దు

ఇందాకే మా పాప ప్లేస్కూల్ గ్రూప్‌లో మెసేజ్ వచ్చింది, చదివినప్పటి నుంచి నాకు వంట మీద ధ్యాస లేదు. ఈ వారం 'ఆటమ్ సెన్సరీ ప్లే' అంట, అంటే ఆకు రాలే కాలం వస్తువులను తాకి, వాసన చూసి ఆడే ఆట. ఇంట్లో ఒక టబ్బు సిద్ధం చేయాలి, పిల్లలు అందులో చేతులు పెట్టి ఆడుతుంటే వీడియో తీసి సోమవారంలోగా పంపాలి. టబ్బులో ఏమేం ఉండాలో లిస్టు కూడా ఇచ్చారు: ఎరుపు, నారింజ రంగు మేపుల్ ఆకులు, పైన్ కాయలు, బుల్లి ఆరెంజ్ గుమ్మడికాయలు, దాల్చినచెక్క పొడి కలిపిన పిండి ముద్ద, నీళ్లలో వేస్తే ఉబ్బే రంగు పూసలు. ఆకులు దొరకనివాళ్లు ఆన్‌లైన్‌లో కొనుక్కోండని లింకు. తెరిచి చూశాను. గుడ్డ ముక్కలకు రంగు వేసి ఆకుల ఆకారంలో కత్తిరించి అమ్ముతున్నారు.

హన్మకొండలో ఉన్నాం మనం. బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస ముంగిట ఉన్నాం. ఊరి బయట గట్ల మీద తంగేడు విరగబూసి ఉంది, చెల్కల్లో గునుగు తెల్లగా నిలబడి ఉంది, రెండు రోజులైతే వీధి వీధికీ పూల మూటలు దిగుతాయి. ఈ వారంలోనే పిల్లలకు గుడ్డ ఆకులు కొనివ్వాలా?

మేపుల్ మీద నాకేం కోపం లేదు. చలి దేశాల్లో పగలు కురచై చలి ముదిరేసరికి ఆకులో పచ్చరంగు విరిగిపోతుంది, లోపల దాగిన పసుపు బయటపడుతుంది, మేపుల్ లాంటి చెట్లలో ఎరుపు అప్పుడే కొత్తగా పుడుతుంది. అక్కడి పిల్లల వాకిట్లో రాలే ఆకు అది, వాళ్లు ఎగిరి తొక్కితే కరకరలాడుతుంది. వాళ్లకది నిజం ఆట. మన దగ్గర ఆకు రాలేది మాఘ ఫాల్గుణాల్లో, మోదుగ ఆకంతా దులిపేసి ఎర్రగా పూచేది అప్పుడు. ఇది మనకు పూల కాలం. మక్క కంకులు ఎండబెట్టే కాలం, సీతాఫలాలు పండే కాలం, పత్తి పగిలే కాలం. దీన్ని పిల్లలకు చూపించకుండా ఏ కాలం గురించి చెబుతారు?

చేతులకు పని, ముక్కుకు వాసన, చెవికి చప్పుడు, ఇదే కదా మీరనే సెన్సరీ. బతుకమ్మ పేర్చే సిబ్బి పళ్లెం ఒకటి నేల మీద పెట్టి, అందులో గుమ్మడి ఆకులు పరిచి, పాపను పక్కన కూర్చోబెట్టి చూడండి. గుమ్మడి ఆకు అరచేతికి గరుగ్గా తగులుతుంది, తంగేడు రెక్క మెత్తగా ఉంటుంది, గునుగు కొసలు గరగరలాడతాయి, బంతి నలిపితే ఆ ఘాటు సాయంత్రం దాకా వేళ్లకు అంటుకునే ఉంటుంది. గునుగు కొసలు సమానంగా కత్తిరించడం మన పని, రంగు నీళ్లలో ముంచి తీయడం వాళ్ల పని. చిన్నపిల్లలైతే రంగు పొడులు వద్దు, పసుపు నీళ్లు, బీట్‌రూట్ రసం చాలు, కొంచెం వెలిసినట్టు వస్తాయి అంతే. పువ్వును వరుసలో పెట్టడానికి కాడ రెండు వేళ్లతో పట్టుకోవాలి, అదే రేపు పెన్సిల్ పట్టుకునే పట్టు. ఒక్కటే జాగ్రత్త, గన్నేరు, ఉమ్మెత్త పిల్లల దగ్గరికి రానీయొద్దు, అవి విషం.

పూలు అయిపోయాక మక్క కంకి ఇవ్వండి, గింజలు ఒలవనీయండి. సోలెడు, గిద్దెడు కొలతలు అటకెక్కి ఉంటాయి, దించి జొన్నలు పోసి నింపనీయండి, ఒంపనీయండి. చాటలో పోసి ఊపితే ఆ చప్పుడుకే నవ్వుతారు. మూడేళ్ల లోపు పిల్లలుంటే గింజల ఆట వద్దు, ముక్కులోనో నోట్లోనో పెట్టుకుంటారు, వాళ్లకు పూలు, ఆకులు, నీళ్లు చాలు. పెద్దపిల్లలకు కూడా పక్కన మనిషి లేకుండా గింజలు ఇవ్వొద్దు. పత్తికి కొరత లేదు, ఎనుమాముల మార్కెట్ ఉన్న ఊరు మనది. ఒక గుప్పెడు తెచ్చి గింజ వేరు చేయమనండి, గంటసేపు కదలరు. (మా పాప సీతాఫలం తిన్నాక ఆ నల్ల గింజలు కడిగి దాచుకుంటుంది, అవి మాత్రం నేను తీసేస్తాను, పగిలితే లోపలి పప్పు విషం, కంట్లో పడితే ప్రమాదం.)

ఆ ఉబ్బే పూసల సంగతి విడిగా చెప్పాలి. మూడు నాలుగేళ్ల పిల్లలకు వాటర్ బీడ్స్ ఎలా రాశారో నాకు అర్థం కాలేదు. మింగితే కడుపులో నీళ్లు పీల్చుకుని ఉబ్బి పేగులకు అడ్డం పడతాయి, ఆపరేషన్ దాకా పోయిన పిల్లలున్నారు. అమెరికాలో పెద్ద పెద్ద షాపులే 2023 చివర్లో వాటిని పిల్లల బొమ్మలుగా అమ్మడం మానేశాయి. వాళ్ల ఆకులు కాపీ కొట్టినవాళ్లు ఈ ముక్క ఎందుకు చదవలేదు? దాల్చినచెక్క పొడి కూడా గాల్లోకి లేచి పిల్ల పీల్చిందంటే ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఇవన్నీ చూసుకోవడానికే కదా మేం యాక్టివిటీ ఫీజు కట్టేది.

బోర్డు మీద మాంటిస్సోరి అని ఇంతింత అక్షరాలతో రాసుకున్నారు. ఆ పద్ధతి చదువు మొదలుపెట్టిన మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు వచ్చి, యుద్ధం వల్ల ఏళ్లపాటు ఈ దేశంలోనే ఉండి, మన టీచర్లకు శిక్షణ ఇచ్చారు. పిల్లల చేతికి నిజం వస్తువులు ఇవ్వండి, నిజం పనులు చేయనివ్వండి అన్నారు. ఆ పేరు పెట్టుకున్నవాళ్లు ఆవరణలో మట్టి కనపడకుండా ప్లాస్టిక్ గడ్డి పరిచారు. ఎండకు కాలితే పిల్లలు దాని మీద అడుగు పెట్టలేరు.

అసలు నా కడుపు మండేది అక్కడే. నిరుడు ఇవే రోజుల్లో, బతుకమ్మకు ముందు ఆడపిల్లలు మట్టితో పెట్టుకునే బొడ్డెమ్మ ఆడుతున్నప్పుడు, మా అమ్మ ఊరి నుంచి వచ్చింది. వస్తూ పుట్టమన్ను తెచ్చింది. పీట మీద మెట్లు మెట్లుగా బొడ్డెమ్మను ఎలా పెట్టాలో మనవరాలి చేతులు పట్టుకుని నేర్పింది. ఆ పిల్ల మోచేతుల దాకా మట్టితో, నీళ్లు ఎక్కువైతే జారుతుందని, తక్కువైతే పగులుతుందని తనంతట తనే చెప్పింది. మర్నాడు పేరెంట్స్ మీటింగ్‌కు అమ్మే తీసుకెళ్లింది, నాకు ఆఫీసులో సెలవు దొరకలేదు. పాప గోళ్లలో మట్టి, వేళ్లకు పసుపు చూసి మేడమ్ అందరి ముందు అమ్మను అడిగింది, పిల్లను మట్టిలో ఆడిస్తారా, ఇన్‌ఫెక్షన్ వస్తే ఎవరిది బాధ్యత, పల్లెటూరి అలవాట్లు స్కూలు దాకా తేకండి అని. డైరీలో 'శుభ్రత పాటించండి' అని ఎర్ర పెన్నుతో రాసి పంపింది. అమ్మ నాకేం చెప్పలేదు, పాప చెప్పింది. ఆ తర్వాత అమ్మ ఎన్నిసార్లు వచ్చినా ఆ గేటు దాకా రాలేదు, సందు చివర్నే నిలబడి పాపను పంపిస్తుంది.

అదే మేడమ్ ఇవాళ రాసింది, పిల్లల చేతులు మురికి కానివ్వండి, అదే నేర్చుకోవడం అని! మా అమ్మ చేస్తే మురికి, ఆన్‌లైన్‌లో వీడియో చూసి మీరు చెబితే చదువా?

గ్రూప్‌లో ఇదంతా రాశాను. చాలామంది చూశారు, ఇద్దరు తల్లులు విడిగా మెసేజ్ పెట్టి మా మనసులో మాట అన్నారు. విడిగా ఎందుకు, గ్రూప్‌లోనే అనండి అక్కా. మేడమ్ మాత్రం ఇంకా ఏమీ అనలేదు. నాకు జవాబు అక్కర్లేదు. మా అమ్మకు ఒక ఫోన్ చేయమనండి, నంబరు అడ్మిషన్ ఫారం మీదే ఉంది.