ఎర్రచందనం దుంగ తెలుసు, కాయ తెలుసా?

ఎర్రచందనం అనగానే కడప జిల్లాలో ఎవరికైనా దుంగలు, లారీలు గుర్తొస్తాయి. ఆ చెట్టు కాయ ఎలా ఉంటుందో అడిగితే జవాబుండదు. నాలుగైదు సెంటీమీటర్ల గుండ్రటి బిళ్ల అది. మధ్యలో గింజ దగ్గర గట్టి ఉబ్బు, చుట్టూ కాగితంలా పల్చటి రెక్క. మట్టిలో చేయడానికి ఇంతకంటే మంచి రూపం ఏముంటుంది? అయినా ‘ప్రకృతి స్ఫూర్తి’ పేరుతో మన ఊళ్లలో అమ్మే సిరామిక్ పళ్లేల మీదా, కుండీల మీదా గులాబీలూ తులిప్‌లే. కొన్న అచ్చులో మట్టి నొక్కితే వచ్చేవి. వాటిని వృక్ష కళ అంటే నేను ఒప్పుకోను.

1790లో డెన్మార్క్‌లో మొదలైన ఫ్లోరా డానికా పింగాణీ సెట్టు మీద ఆ దేశపు వృక్షశాస్త్ర గ్రంథంలోని బొమ్మల్నే దించారు. కలుపుమొక్కల్నీ వదల్లేదు. మనకు జిల్లేడు, కుందేటికొమ్ముల మొక్క కంప కింద లెక్క.

ఆ ఎర్రచందనం కాయనే జానెడు వెడల్పున చేసి చూడండి. రెక్క 3 మిల్లీమీటర్లు, ఉబ్బు వేలెడు మందం వస్తుంది. చిక్కంతా అక్కడే. రెక్క ముందు ఆరి కుంచించుకుపోతుంది, ఉబ్బు ఇంకా పచ్చిగానే ఉంటుంది, రెండూ కలిసేచోట చుట్టూ పగులు పడుతుంది. అందుకే మట్టి ఓరారాక, అంటే సగం ఆరి గట్టిపడ్డాక, ఉబ్బును వెనకనుంచి తొలిచి 6 మిల్లీమీటర్లకు తేవాలి. అంచుకు తడిగుడ్డ చుట్టి, ప్లాస్టిక్ కవరు కింద వారం పదిరోజులు ఆరనివ్వాలి. బట్టీ వేడి 100 డిగ్రీలకు చేరకముందే రెండుమూడు గంటలు ఆపి తడంతా పోనివ్వాలి, లేకపోతే ఆవిరి పేల్చేస్తుంది. చల్లారేటప్పుడూ తొందర పనికిరాదు. 573 డిగ్రీల దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ అనే ఖనిజం ఒక్కసారిగా కుంచించుకుంటుంది. అప్పుడు గాలి తగిలిందా, ముందు చిట్లేది ఆ పల్చటి రెక్కే.

950 డిగ్రీల్లో కాల్చే మన చెరువు ఎర్రమట్టికి ఇంకో గండం ఉంది, సున్నపురాయి. జొన్నగింజంత రాయి బట్టీలో కాలి సున్నమవుతుంది, తర్వాత గాల్లో తేమ పీల్చి ఉబ్బుతుంది, బాగుందనుకున్న బొమ్మ మీదనుంచి వారానికి ఒక పెచ్చు ఎగరగొడుతుంది. ఊడిన గుంటలో తెల్లచుక్క కనిపిస్తే కారణం అదే. మట్టిని నీళ్లలో కలిపి 60 నంబరు (అంగుళానికి 60 కన్నాలుండే) జల్లెడలో వడకట్టాలి. నల్లరేగడి కలిసిన మట్టి ఆరేటప్పుడు నెర్రెలిస్తుంది, దానికి ఐదోవంతు కాల్చిన పెంకుల పొడి పడాలి.

బొమ్మకు వేసే గాజులాంటి పూత (గ్లేజు) కూడా చెట్టునుంచే తీయొచ్చు. సర్కారు తుమ్మ కట్టె బూడిద, ఫెల్స్‌పార్ రాయిపొడి చెరో 40 పాళ్లు, మట్టి 20 పాళ్లతో మొదలుపెట్టి పెంకుల మీద పరీక్షించుకోవాలి. 1250 డిగ్రీల దగ్గర అది కరిగి బొమ్మ మీద చెక్కిన ఆకు ఈనెల్లోకి జారి నిలుస్తుంది. ఊకబూడిద వేస్తే కరగదు, అందులో దాదాపు అంతా సిలికానే. అంత వేడికి చెరువుమట్టి బొమ్మ కూలిపోతుంది కాబట్టి బొమ్మ అంత వేడికి తట్టుకునే స్టోన్‌వేర్ మట్టితో చేసి, చెరువుమట్టిని పూతలో వాడుకోవాలి. బూడిదనీళ్లు చర్మాన్ని తినేస్తాయి, గ్లౌజులు మరవొద్దు.

గులాబీ అమ్ముడుపోతుంది, జిల్లేడు పువ్వు ఎవరు కొంటారు అంటారు. కుమ్మరి ఇల్లు గడవాలి, నిజమే. కానీ గులాబీని యంత్రం ఎప్పుడూ చవగ్గానే తీస్తుంది, ఆ పోటీలో చేతిపని నిలబడదు.

సీమను కరువు నేల అని చెప్పీ చెప్పీ, ఇక్కడ మొలిచేదంతా కంపే అని మనమే నమ్మేశాం. మంగంపేట ముగ్గురాయి, బేతంచెర్ల బండ, ఎర్రచందనం... ఏదైనా టన్నుల్లో తూచి బయటికి పంపడమే నేర్చుకున్నాం. కడపలోనే యోగి వేమన విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్ర విభాగం ఉంది, ఫైన్ ఆర్ట్స్‌కు వేరే విశ్వవిద్యాలయమూ ఉంది. పగిలిన జిల్లేడు కాయలో దూది పట్టిన గింజలు పెంకుటిల్లు కప్పులా ఒకదానిమీదొకటి ఎలా పేర్చి ఉంటాయో శిల్పం నేర్చే విద్యార్థి మొదటి ఏడాదే గీయాలి. సారె (కుమ్మరి చక్రం), ఆవం (కుండలు కాల్చే బట్టీ) నేర్చుకోవడానికి ఒక సెమిస్టరు కుమ్మరి దగ్గర కూర్చోవాలి. నేర్పినందుకు ఆ కుమ్మరికి అధ్యాపకుడి జీతమే ఇవ్వాలి.